ఆదివారం నిప్పు

నిన్నటి బూడిదను బాయిలరు నోట్లోంచి పారతో లాగి బకెట్లో పోస్తూ, ఈ పని కూడా చేయకూడదేమోననుకుంది పావ్లీనా. ఆదివారం నిప్పు రాజేయకూడదన్నారు గాని బూడిద ఎత్తకూడదని ఎవరూ అనలేదు. అందుకని ఎత్తింది. ఎత్తాక బాయిలరు ఇనుప తలుపు తుడిచింది. కాసేపు అటూ ఇటూ తిరిగి, తుడిచిన తలుపునే మళ్ళీ తుడిచింది. తొట్లన్నీ బోర్లించే ఉన్నాయి, ఒకదాన్ని తిప్పి లోపల వేలితో రాసి చూసుకుంది. మురికేమీ లేదు. నిన్న తనే తోమింది కదా, ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆమెకు ఆదివారమంటే పడదు. తెల్లవారకముందే తమ స్లోవాక్ కాథలిక్కుల చర్చిలో పూజకు వెళ్ళి వస్తుంది. ఆ తర్వాత రోజంతా ఖాళీ. కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయి, పడుకుంటే కళ్ళు మూతపడవు. మిగతా ఆరు రోజులూ నీళ్ళు కాచీ కాచీ, తొట్లు నింపీ నింపీ, తువ్వాళ్ళు ఉడకేసీ అలవాటైన చేతులు ఆ ఒక్క రోజు ఎక్కడుండాలో తెలియక జేబుల్లోకీ చంకల్లోకీ దూరుతుంటాయి. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. వేళ్ళ కణుపులు ఉబ్బి, చూపుడువేలు పక్కకి వంగిపోయింది. మంట ముందు వంగి వంగి కనుబొమల వెంట్రుకలు కాలిపోయాయి. అవి మళ్ళీ మొలిచేలోగా మళ్ళీ కాలతాయి. అందువల్ల ఆమె మొహం ఎప్పుడూ దేనికో ఆశ్చర్యపోతున్నట్టు ఉంటుంది.

అమెరికాలో ఒక ఉక్కు మిల్లు గోడకీ కార్మికుల గదులకీ మధ్య వీధిలో మెథడిస్టు సిస్టర్లు నడిపే ఇల్లు అది. మేడమీద పసిపిల్లల గది, కుట్టుపని నేర్పే గది, ఇంగ్లీషు చదువు చెప్పే గది. నేలమాళిగలో స్నానాల గది. చెక్కలు కొట్టి విడదీసిన తొట్లు, ఒక బాయిలరు, దాని పక్కనే పావ్లీనా మంచం పట్టేంత గది. మంగళ, శుక్రవారాలు ఆడవాళ్ళకి, తక్కిన రోజులు మగవాళ్ళకి. ఆదివారం ఎవరికీ లేదు. అది ప్రభువు దినం, ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. వంటింట్లో కూడా ఆ రోజు ముందునాటి రొట్టే, చల్లారిన మాంసమే.

ఇవాళ మేడమీద హడావిడిగా ఉంది. మధ్యాహ్నం ఊళ్ళోని పాస్టర్లందరూ వస్తున్నారు. వారంలో ఒక రోజు కొలుములు ఆర్పి మనుషులకి విశ్రాంతి ఇవ్వాలని మిల్లు యజమానులకు రాసిన విన్నపం మీద వాళ్ళు సంతకాలు పెట్టాలి. ఆ ఇంటి పెద్ద సిస్టర్ లవీనియా ఏడాదిగా పెద్దవాళ్ళుండే కొండ ఎక్కి దిగి, తలుపు తలుపూ తట్టి వాళ్ళను ఒప్పించింది. నిన్న ఆమెతో కలిసి పావ్లీనా కుర్చీలు సర్దింది. "మీరు ఇంకో కుర్చీ కూడా తుడిచారంటే పాస్టరుగారు జారి పడిపోతారు పావ్లీనమ్మా" అని సిస్టర్ నవ్వింది కూడా.

పావ్లీనా చీపురు తీసుకుని గచ్చు మీదికి వంగేసరికి వీధి వైపు తలుపు మీద ఎవరో కొట్టారు. గట్టిగా కాదు, భయపడుతూ.

తలుపు తీస్తే మిల్లు కుర్రాడు గాష్పర్. కళ్ళూ పళ్ళూ తప్ప మనిషంతా ఒకటే రంగు. ఎర్ర ఖనిజపు ధూళి, దాని మీద మసి, దాని మీద చెమట, దాని మీద ఈ చలి. రాత్రంతా కొలిమి దగ్గర పనిచేసి పొద్దున్నే దిగాడు. వారానికోసారి షిఫ్టు మారే ఆదివారం ఒక జట్టు పగలూ రాత్రీ ఏకబిగిన కొలిమి ముందే నిలబడుతుంది. రెండో జట్టుకి ఆ ఒక్క రోజూ సెలవు. ఈ వారం సెలవు గాష్పర్ జట్టుది.

"అత్తా, ఒక్క బకెట్ వేడినీళ్ళు..." అన్నాడు.

"ఇవాళ ఆదివారంరా."

"తెలుసు. మా వాకిట్లో పంపు గడ్డకట్టేసింది. కింద గుడ్డలు తగలబెట్టినా కరగలేదు. మా ఆవిడ మంచు గీరుకొచ్చి కరిగిస్తోంది గాని అది పిల్లకీ వంటకీ చాలట్లేదు." అతను తన చేతుల్ని తిప్పి చూసుకున్నాడు. "మధ్యాహ్నం పిల్లకి బాప్తిస్మం. ఇలా నల్లపిశాచంలా చర్చిలోకి ఎలా వెళ్ళను?"

"పిల్లెలా ఉంది?"

"నిన్నట్నుంచి పాలు సరిగ్గా తాగట్లేదు. అందుకే ఆగాతా ఇవాళే కావాలని ఏడుస్తోంది. నేనేమో, పోనీలే, మళ్ళీ సెలవు రెండు వారాలకి వస్తుందిగా, అప్పుడు శుభ్రంగా చేయిద్దామన్నాను."

పావ్లీనా చీపురు గోడకి ఆనించింది. అది జారి కిందపడింది. తీసి మళ్ళీ ఆనించింది.

రెండు వారాలకి చేయిద్దామని ఆమె మొగుడు యానో కూడా ఇలాగే అన్నాడు. అప్పుడు వాళ్ళు ఇంకా రైలు పట్టాల అవతల ఉండేవారు. రెండు గదుల నిండా డబ్బిచ్చి తిని పడుకునే బోర్డర్లు. పగటివాళ్ళు లేచిన మంచాల మీదే రాత్రివాళ్ళు పడుకునేవారు, పక్కలు ఎప్పుడూ చల్లారేవి కావు. ఆ వయసులో ఆమె ఓడ దిగిన దగ్గర్నుంచి చేసిన పనల్లా ఒకటే. నీళ్ళు కాచడం, కాచిన నీళ్ళు తొట్లో పోయడం, వంగి కూర్చున్న మగవాళ్ళ వీపులు రుద్దడం. మొహాలు మర్చిపోయేది గాని వీపులు గుర్తుండేవి. ఇది సుత్తి ఎత్తేవాడి వీపు, ఇది బండి తోసేవాడిది, ఇది ఇంకా ఊరి పొలం మర్చిపోని కుర్రాడిది. మొదటి కాన్పు కూతురు. "ఈ చేతుల్తో దాన్ని ఎత్తుకుంటే తెల్లబట్టంతా నల్లగా అవుతుంది. సెలవు రానీ, శుభ్రంగా స్నానం చేసి నేనే ఎత్తుకుని తీసుకెళతాను" అన్నాడు యానో. సెలవు వచ్చింది. అప్పటికి ఎత్తుకోవడానికి పిల్ల లేదు. బాప్తిస్మం కాని, పేరు పెట్టని పిల్లని చర్చి ఆవరణలో పూడ్చనివ్వలేదు, కంచె బయట పూడ్చారు. ఆ తర్వాత ఆమెకి పిల్లలు కలగలేదు. యానో మరికొన్నేళ్ళకి, షిఫ్టు మారే ఆదివారం రాత్రి దాటి తెల్లవారుతుంటే, నిద్రకళ్ళతో ఖనిజం పోసే వంతెన మీంచి కాలుజారి పడిపోయాడు. మిల్లువాళ్ళు శవపెట్టె ఇచ్చారు. మంచి చెక్కే.

"లోపలికి రా. బూట్లు విప్పి రా, గచ్చు పాడవుతుంది" అంది.

మోకాళ్ళ మీద కూర్చుని పాత పేపర్లు నలిపి లోపలికి తోసింది. వాటిమీద సన్నటి పుల్లలు, పుల్లల మీద చిన్న బొగ్గు. పొగ తక్కువ వస్తుందని మూలనున్న కోకు బొగ్గు ముక్కల్ని ఏరి ఏరి వేసింది. గాలి మూత సగమే తెరిచింది. నిప్పంటుకోగానే లోపల చిటపటమన్న ఆ చప్పుడికి ఆమె చేతులు రెండూ ఒక్కసారిగా కుదుటపడ్డాయి. పొద్దుట్నుంచీ అవి వెతుక్కుంటున్నది ఇదేనన్నట్టు.

గాష్పర్ గోడవారగా నిలబడి, "అత్తా, నీకేమీ కాదుగా?" అన్నాడు.

"వీపు రుద్దించుకుంటావా, కబుర్లు చెబుతావా?"

నీళ్ళు కాగేసరికి వీధి తలుపు మళ్ళీ చప్పుడైంది. గాష్పర్ పక్క గదుల్లో ఉండే అతని జట్టువాళ్ళు. గొట్టంలోంచి పొగ చూశారట. ఒకణ్ణి రానిచ్చి ఒకణ్ణి పొమ్మనడం ఆమెకి చేతకాదు. పైగా ఒక్కడికి కాచినా ఆ బాయిలరు నిండా కాచాల్సిందే.

"వెలిగించిన నిప్పు వేస్టయిపోతుందని వచ్చాం అత్తా, మాకేం సరదానా?" అన్నాడు మార్తోన్ అనే పొడుగాటివాడు, చొక్కా విప్పుతూ.

"నోరు మూసుకుని తొట్లో దిగు. ఆ సబ్బు తినేసేట్టున్నావు, రుద్దుకో."

"ఈ నలుపు తీస్తే కింద ఏ రంగుందో నాకే గుర్తులేదు."

"మీ ఆవిణ్ణి పిలిచి చూపించుకో. ఆవిడ 'వీడు మా ఆయన కాదు' అందంటే తలుపు బయటకి నెట్టేస్తా."

చెక్కల వెనక నుంచి అందరూ గొల్లున నవ్వారు. ఆవిరి పైకప్పుకి తగిలి చినుకులుగా రాలుతోంది. గాష్పర్ వీపు మీద పావ్లీనా గరుకుగుడ్డతో మెడ దగ్గర్నుంచి కిందికి, కిందనుంచి పైకి రుద్దింది. నీళ్ళు ముందు ఎర్రగా, తర్వాత నల్లగా, తర్వాత బూడిదరంగుగా పారాయి. ఎడమ భుజం కింద నిప్పురవ్వలు పడి మాడిన మచ్చలు చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. అక్కడికొచ్చేసరికి చేయి తేలిక చేసింది. అతను మాట్లాడ్డం ఆపేశాడు. చూస్తే కూర్చునే నిద్రపోయాడు. గడ్డం తొట్టి అంచు మీద ఆనింది. పావ్లీనా అతని చెవి మెలిపెట్టింది.

"లే. నిద్ర తర్వాత. పిల్ల ఎదురు చూస్తోంది."

కొండ మీద మెథడిస్టు చర్చి గంట మోగి ఆగిపోయింది. ప్రార్థన అయిపోయిందన్నమాట. ఆమె గాలి మూత మూసేసింది గాని ఆపాటికే ఆలస్యమైంది. ఊళ్ళో ఆదివారం పూట పొగ కక్కేవి మిల్లు గొట్టాలే. వాటి పక్కన ఇవాళ ఇంకొకటి, సన్నగా.

మెట్ల మీద గబగబా అడుగుల చప్పుడు. సిస్టర్ లవీనియా. నల్లగౌను అంచులు మంచుతో తడిసి బరువెక్కాయి, టోపీ కింద కట్టుకున్న తెల్ల రిబ్బను ఒక పక్కకి లాగేసి ఉంది. ముప్పై దాటిందో లేదో గాని ఈ ఏడాదిలో కళ్ళ కింద నలుపు దిగింది.

"పావ్లీనమ్మా! ఏం చేశారిది? చర్చి మెట్ల మీదనుంచి అందరూ చూశారు. పెన్నాక్ గారు నన్ను ఆపి చేత్తో చూపించారు!"

పెన్నాక్ మిల్లులో పెద్ద మేనేజరు. ఈ ఇంటి కమిటీకి కూడా ఆయనే అధ్యక్షుడు. ఆ బాయిలరుని కొనిచ్చిందీ ఆయనే.

"పసిపిల్లకి బాప్తిస్మం అమ్మా. వాళ్ళ పంపు గడ్డకట్టింది" అంది పావ్లీనా.

"నన్నడగాల్సింది కదా!"

"అడిగితే మీరు వద్దనాలి."

సిస్టర్ వెలుగుతున్న బాయిలరు వంక తిరిగింది. "ఆదివారం మీ కొలుములు ఆర్పండని వాళ్ళని అడగడానికి పాస్టర్లందరినీ పోగేశాను. మన గొట్టంలోంచే పొగ లేస్తుంటే ఏ మొహం పెట్టుకుని అడగను? ఆర్పేయండి, ముందు ఆర్పేయండి."

"తొట్లలో మనుషులున్నారమ్మా."

అప్పుడే చెక్కల వెనకనుంచి గాష్పర్ వచ్చాడు. తడిజుట్టు వెనక్కి దువ్వుకుని, మెడదాకా గుండీలు పెట్టుకుని. మొహం ఉడికినట్టు ఎర్రగా, కొత్తగా ఉంది. సిస్టర్ని చూసి బెదిరిపోయి, స్లోవాక్‌లో ఏదో గొణిగి, వంగి దండం పెట్టి బయటికి పరిగెత్తాడు. సిస్టర్ అతను వెళ్ళిన తలుపు వంకే కాసేపు చూసింది. "మీరు పైకి రాకండి. నేను మాట్లాడతాను" అని మెల్లగా మెట్లెక్కింది.

పావ్లీనా పైకి వెళ్ళదలచుకోలేదు. మిగతావాళ్ళని వీధి తలుపులోంచి పంపేసింది. తువ్వాళ్ళు పిండింది. పైన కుర్చీలు లాగిన చప్పుడు, బూట్ల చప్పుడు, ఒకళ్ళు ప్రార్థన చేసిన చప్పుడు. తర్వాత పెన్నాక్ గొంతు. ఆయన ఎప్పుడూ అరవడు. అందుకే ఆ గొంతు మెట్లన్నీ దిగి వచ్చింది. ఆమె ఒక మెట్టెక్కి ఆగింది. దిగింది. ఆప్రాన్‌కి చేతులు తుడుచుకుంది. మళ్ళీ ఎక్కింది. ఈసారి తలుపు దాకా వెళ్ళిపోయింది.

గదిలో నల్లకోట్ల పెద్దమనుషులు బల్ల చుట్టూ కూర్చున్నారు. విన్నపం కాగితం మధ్యలో ఉంది, పక్కన సిరాబుడ్డి. ఇంకా ఎవరూ కలం ముట్టుకోలేదు.

"చిన్న ప్రశ్నే సిస్టర్" అంటున్నాడు పెన్నాక్. "ఆ నిప్పు మీ అనుమతితో వెలిగిందా, కాదా? మీ అనుమతితోనైతే ఈ కాగితం చింపేద్దాం. ఎవరి అవసరం వాళ్ళదని ఒప్పుకుందాం. మా కొలుములకీ అవసరాలున్నాయి."

సిస్టర్ లవీనియా బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఆమె కళ్ళు ఆ కాగితం మీదే ఉన్నాయి. పాస్టర్లలో అందరికంటే ముసలాయన తన ఒళ్ళోని టోపీ లోపలికి తొంగిచూశాడు, అందులో ఏదో రాసి ఉన్నట్టు.

"కాదు దొరగారూ" అంది పావ్లీనా, గుమ్మంలోంచి. "నేనే వెలిగించాను. ఆవిడ అప్పుడు చర్చిలో ఉన్నారు. ఆవిడకి తెలీదు."

అందరూ తిరిగి చూశారు. మోచేతుల దాకా తడి, ఎర్రటి చేతులు. కనుబొమలు లేని మొహం. ఆప్రాన్ మీంచి చినుకులు తివాచీ మీద పడుతున్నాయి. ఆమె అది చూసుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఈ ఇంటి నియమం నీకు తెలుసా?"

"తెలుసు."

"అయితే తాళాలు సిస్టర్ గారికి ఇచ్చేయ్. ఇవాళ్టితో నీ పని అయిపోయింది."

పావ్లీనా సిస్టర్ వంక చూడలేదు. చూస్తే ఆవిడ ఏదో ఒకటి అనాల్సొస్తుందని తెలుసు. పెన్నాక్ వైపే తిరిగి అడిగింది.

"తొట్లు మురికిగా ఉన్నాయి దొరగారూ. కడిగి వెళ్ళనా, అలాగే వదిలేసి వెళ్ళనా?"

పెన్నాక్ కిటికీ వైపు తిరిగాడు. మొదట కలం తీసుకున్నది టోపీలోకి చూసిన ముసలి పాస్టరే. ఆ తర్వాత ఒకరొకరే లేచారు. పావ్లీనా కిందికి దిగి తొట్లు కడిగింది.

ఆఖరి తొట్టి బోర్లిస్తుండగా వీధి తలుపులోంచి గాష్పర్, ఆగాతా వచ్చారు, చర్చి నుంచి తిన్నగా. పిల్లని ఆగాతా శాలువాలో చుట్టి గుండెకదుముకుంది. తెల్లబట్టలోంచి పిడికిలంత మొహం కనపడుతోంది.

"నెత్తిన నీళ్ళు పోస్తే ఏడ్చిందా?" అని అడిగింది పావ్లీనా.

"ఏడవడమా! చర్చి ఎగిరిపోయేలా ఏడ్చింది" అన్నాడు గాష్పర్. "ఈయనే ఎత్తుకున్నాడు అత్తా, నాకివ్వలేదు" అంది ఆగాతా, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో. "ఏడ్చి ఏడ్చి అక్కడే ఆకలేసి పాలు కూడా తాగింది."

పావ్లీనా వంకర వేలితో పిల్ల బుగ్గ తాకింది. వేలు తడిగా ఉందని వెంటనే తీసేసింది. "పోండి, పోండి. చలి. తీసుకెళ్ళి పొయ్యి దగ్గర పడుకోబెట్టండి" అని కసిరింది. వెళ్ళిపోతున్న సంగతి వాళ్ళకి చెప్పలేదు.

సామాను కట్టుకోవడం ఎంతసేపు! ఒక చిన్న పెట్టె, దుప్పటి, మేరీమాత పటం. తొందరతొందరగా కట్టి, విప్పి, మళ్ళీ కట్టింది. పైన బూట్ల చప్పుడు పోయింది. సిస్టర్ దిగి వచ్చి మెట్టు మీదే కూర్చుంది. ఆవిడ మెట్ల మీద కూర్చోవడం పావ్లీనా ఎప్పుడూ చూడలేదు.

"సంతకాలు పెట్టారా?"

"పెట్టారు. దాదాపు అందరూ."

"మంచిది."

"ఆయన అడిగినప్పుడు నేను..." సిస్టర్ తడిసిన గౌను అంచు మడతపెట్టింది. "నేనే వెలిగించమన్నానని అనేద్దామనుకున్నాను. అనలేకపోయాను. ఆ కాగితమే కనిపించింది. మీరు కనిపించలేదు."

"అలా అంటే అబద్ధమయ్యేది కదమ్మా. ఆదివారం పూట." పావ్లీనా తాడు ముడి పళ్ళతో బిగించింది. "ఆ కొలుములు ఆరనివ్వండి. అప్పుడు పంపు గడ్డకట్టినా శనివారమే స్నానం చేసుకుంటారు."

"ఒక్క వారం ఆగండి. నేను కొండెక్కి అందరితో మాట్లాడతాను."

"నేనిక్కడుంటే ఆ కాగితం మీద మళ్ళీ మాట వస్తుంది. వద్దు."

"ఎక్కడికి వెళతారు?"

"యంగ్స్‌టౌన్‌లో మా చెల్లెలి కూతురుంది. బోర్డర్లని పెట్టుకుంది. వాళ్ళకీ వీపులుంటాయిగా."

సిస్టర్ నవ్వబోయి చేత్తో మొహం కప్పుకుంది. పావ్లీనా ఆవిడ పక్కనుంచి ఇరుకుగా మెట్లు దాటుతూ, ఒక్క క్షణం ఆ తెల్ల రిబ్బను పట్టుకుని మధ్యకి లాగి సరిచేసింది. స్టేషను దాకా వస్తానంటే వద్దంది. పెట్టె చంకన పెట్టుకుని, మసి పడి మచ్చలు మచ్చలుగా ఉన్న మంచు మీద, వెనక ఎవరో తరుముతున్నట్టు వేగంగా నడుచుకుంటూ మిల్లు గోడ మలుపు తిరిగిపోయింది.

ఆ విన్నపం మిల్లు ఆఫీసుకి వెళ్ళింది. ఆ ఏడు కొలుములు ఆరలేదు, ఆ మరుసటేడూ ఆరలేదు. సిస్టర్ లవీనియా ఇంకో కాగితం రాసింది. పంపు గడ్డకట్టిన ఆదివారాల్లో స్నానాల గది తెరవాలని కూడా కమిటీని అడిగింది. అది ఒప్పుకోడానికి వాళ్ళకి రెండు శీతాకాలాలు పట్టాయి.

అదంతా తర్వాతి మాట. ఆ సాయంకాలం ఆవిడ చాలాసేపు మెట్టు మీదే కూర్చుని, రైలు కూత వినపడ్డాక లేచి, బాయిలరు తలుపు వేయబోయింది. లోపల నిప్పు ఆరి బూడిదైంది. పైన నీళ్ళ గొట్టం మీద పావ్లీనా ఉన్ని మేజోళ్ళు ఒక జత ఆరేసి ఉన్నాయి. ఆవిడ గబుక్కున వాటిని అందుకుని వీధి తలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. మడమల దగ్గర వేరే రంగు ఉన్నితో మళ్ళీ మళ్ళీ కుట్టిన మేజోళ్ళు అవి, పాదం ఆకారం ఇంకా పోలేదు. ఒకటి పూర్తిగా ఆరింది, రెండోది వేళ్ళ దగ్గర తడిగా, గోరువెచ్చగా ఉంది.